నెల్లూరు, ఒంగోలు నుంచి అండమాన్‌కు శీతాకాలపు సెలవు: ప్రయాణాన్ని ఎలా ప్లాన్ చేసుకోవాలి

అండమాన్ వెళ్దామని ఇంట్లో అనుకోగానే చాలామంది మొదట విమాన టికెట్ల ధరలు చూస్తారు. నా అభిప్రాయంలో మొదట చూడవలసింది సముద్రాన్ని. మనకూ ఆ దీవులకూ మధ్య ఉన్నది ఒకే బంగాళాఖాతం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన చెరువులు నింపే ఈశాన్య రుతుపవనం అక్కడా వానలు కురిపిస్తుంది; మన తీరాన్ని భయపెట్టే వాయుగుండాలు ఎన్నో అండమాన్ సముద్రంలోనో దాని చుట్టుపక్కలనో పుట్టి పడమరగా కదిలి వస్తాయి. 2016 డిసెంబరులో వర్దా తుపాను అండమాన్ దగ్గర ఉన్న రోజుల్లో పడవలు ఆగిపోయి, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. వారిని తీసుకురావడానికి నౌకాదళం ఓడలు వెళ్లవలసి వచ్చింది. కొద్ది రోజుల తరువాత, డిసెంబరు 12న, అదే తుపాను చెన్నై దగ్గర తీరం దాటి అక్కడ విమానాలనూ రైళ్లనూ ఆపేసింది. అంటే మనం బయలుదేరే చోటునూ చేరే చోటునూ ఒకే తుపాను దెబ్బ తీయగలదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని తేదీలు, దీవుల వరుస, ఖాళీగా ఉంచుకోవలసిన రోజు నిర్ణయించుకుంటే మిగిలిన ఏర్పాట్లన్నీ సులువుగా కుదురుతాయి.

తేదీలు

అండమాన్‌లో వానలు తగ్గి ఆకాశం తేటపడేది డిసెంబరు రెండో సగం నుంచి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొడి కాలం. చలి అనే మాట ఆ దీవులకు వర్తించదు. జనవరిలో కూడా పగలు దాదాపు 30 డిగ్రీలు, రాత్రి 23 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి స్వెటర్లు మోసుకెళ్లే అవసరం లేదు. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. విమానం, గది, పడవ అన్నింటి ధరలూ అప్పుడే ఎక్కువ. సంక్రాంతి సెలవుల్లో రద్దీ అంతకన్నా కొంత తక్కువే గాని, మన వైపు రైళ్లలో చోటు దొరకడం ఆ వారంలోనే కష్టం.

అందుకే వీలున్న కుటుంబాలకు నేను చెప్పేది, పండుగ ఇంట్లో చేసుకుని జనవరి 20 తరువాత ఫిబ్రవరి నెలాఖరులోగా వెళ్లమని. పెన్నా డెల్టాలో వరి వేసేవారికి ఇది సరిగ్గా సరిపోతుంది: నాట్లు పూర్తయి, కోతలకు ఇంకా సమయం ఉండే రోజులు అవి. ప్రకాశం వైపు పొగాకు వేసే కుటుంబాలకు మాత్రం ఈ సలహా పనికిరాదు, ఎందుకంటే ఆకు కొట్టి, దాన్ని ఆరబెట్టే బ్యారన్లకు ఎక్కించే పని సరిగ్గా అప్పుడే ముమ్మరంగా ఉంటుంది. వారు డిసెంబరు చివరి పది రోజుల్లో, ధర కొంచెం ఎక్కువైనా, వెళ్లిరావడమే మంచిది. బడి పిల్లలున్నవారికి సంక్రాంతి సెలవులు తప్ప వేరే దారి లేకపోతే, కనుమ దాకా ఆగకుండా సెలవులు ఇచ్చిన మరునాడే బయలుదేరితే వెళ్లేటప్పుడైనా రద్దీకి ఎదురు వెళ్లినట్లవుతుంది. నవంబరులో టికెట్లు చవకగా కనిపిస్తే మాత్రం ఆశపడకండి.

చెన్నై దాకా, అక్కడి నుంచి

మనకు దగ్గరి దారి చెన్నై మీదుగానే. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి దాదాపు 290. చెన్నై నుంచి విమానం రెండు గంటలకు అటూ ఇటూగా వీర సావర్కర్ అంతర్జాతీయ విమానాశ్రయంలో దింపుతుంది. చేరే ఊరి పేరు 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం. పాత పేరైన పోర్ట్ బ్లెయిర్ కూడా ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. అలాగే హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీప్ అయ్యాయి. టికెట్టు మీద ఒక పేరు, గది రసీదు మీద మరో పేరు ఉన్నా అవి వేర్వేరు ఊళ్లేమోనని కంగారు పడనక్కరలేదు.

అండమాన్ విమానాలు చాలావరకు పొద్దున, మధ్యాహ్నం మధ్య నడుస్తాయి కాబట్టి, అదే రోజు నెల్లూరు నుంచి బయలుదేరి విమానం అందుకోవాలనుకోవడం సాహసమే. ముందు రోజు సాయంత్రానికి చెన్నై చేరి విమానాశ్రయానికి దగ్గరగా ఒక రాత్రి బస చేయండి. రైల్లో వెళ్తే సెంట్రల్ స్టేషన్ నుంచే మెట్రో నేరుగా విమానాశ్రయం దాకా ఉంది. పెట్టెలు ఉన్నా ఆటో, ట్యాక్సీ బేరం లేకుండా చేరవచ్చు. బస్సు మీద ఆధారపడేవారు ఒక సంగతి గమనించాలి: మన వైపు బస్సులు ఆగేది నగరానికి ఉత్తరాన ఉన్న మాధవరంలో, విమానాశ్రయం ఉన్నది దక్షిణాన మీనంబాక్కంలో. ఊరంతా దాటాలి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి రైలే మేలని నా నమ్మకం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి, విమానం తేదీ ఖాయం చేసుకున్న వెంటనే క్యాలెండర్‌లో ఆ రోజుకు గుర్తు పెట్టుకోండి. హైదరాబాదు, బెంగళూరు నుంచి కూడా విమానాలున్నాయి గాని, పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉండి అందరూ కలిసి వెళ్లాలనుకుంటే తప్ప మనకు అవి చుట్టుదారే.

ఓడలో వెళ్లాలనే కోరిక చాలామందికి ఉంటుంది. చెన్నై నుంచి, విశాఖపట్నం నుంచి ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. ప్రయాణానికి సుమారు మూడు రోజులు పడుతుంది. రాను పోను ఓడ అంటే వారం సముద్రం మీదే గడిచిపోతుంది, పైగా ఓడ బయలుదేరే తేదీలు మన సెలవుల ప్రకారం ఉండవు. సెలవు పుష్కలంగా ఉన్న, ఆరోగ్యం బాగున్న వారికి ఒక వైపు ఓడ, మరో వైపు విమానం చక్కగా కుదురుతుంది. వారం రోజులే ఉన్నవారు ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

మన దేశ పౌరులకు ఈ దీవుల్లో పర్యాటకులు తిరిగే ప్రాంతాలకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు. విమానంలోనూ పడవలోనూ అసలు గుర్తింపు కార్డు చూస్తారు, టికెట్టు మీది పేరు కార్డులోని పేరుతో సరిపోవాలి. మన ఇంటిపేర్లు ఒక చోట ముందు, మరో చోట వెనుక పడుతుంటాయి కాబట్టి బుక్ చేసేటప్పుడే సరిచూసుకోండి. శీతాకాలంలో అమెరికా నుంచి వచ్చిన అక్కాబావలనూ వారి పిల్లలనూ వెంట తీసుకెళ్లేవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారికి నియమాలు వేరు, అవి మారుతుంటాయి కూడా. అండమాన్ పాలనా యంత్రాంగపు అధికారిక వెబ్‌సైటులో చూసుకున్న తరువాతే వారికి టికెట్లు కొనండి.

దీవుల వరుస

ఏజెన్సీలు ఇచ్చే పట్టికలను నేను ఎక్కువగా మార్చమని చెప్పేది ఇక్కడే. ఐదు రాత్రుల్లో ఆరు దీవులు చూపిస్తామనే ప్యాకేజీలో సగం సమయం జెట్టీల్లో, వరుసల్లో గడిచిపోతుంది. ఆరు రాత్రులుంటే శ్రీ విజయపురం, హేవ్‌లాక్, నీల్ చాలు. వరుస మాత్రం ముఖ్యం. దిగిన మరునాడు పొద్దున్నే పడవ ఎక్కి హేవ్‌లాక్ వెళ్లి రెండు రాత్రులు, అక్కడి నుంచి నీల్‌లో ఒక రాత్రి ఉండి, చివరి రెండు రాత్రులకు శ్రీ విజయపురం తిరిగి రావాలి. గాలి ఎక్కువై ఒక రోజు పడవలు ఆగినా ఈ వరుసలో విమానం తప్పిపోదు. కోల్పోయేది ఊళ్లో చూడవలసిన ఒకటి రెండు చోట్లే. దీన్ని తిరగేసి, చివరి పొద్దున నీల్ నుంచి పడవ దిగి మధ్యాహ్నం విమానం ఎక్కేలా పెట్టిన పట్టికను ఎంత చవకైనా ఒప్పుకోవద్దు.

దీవుల మధ్య ప్రభుత్వ పడవలు, ప్రైవేటు పడవలు రెండూ నడుస్తాయి. ప్రైవేటు పడవలు వేగంగా, ఏసీతో ఉంటాయి, చాలా ముందుగానే బుక్ చేసుకోవచ్చు. ప్రభుత్వ పడవలు చవక, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. కాని వాటి మీద మొదటి హక్కు దీవుల్లో నివసించేవారిది, టికెట్లు అంత ముందుగా దొరకవు. రద్దీ రోజుల్లో విమానం, పడవ, గది ఈ వరుసలోనే బుక్ చేయాలి, ఎందుకంటే గది ఏదో ఒకటి దొరుకుతుంది గాని పడవలో సీటు దొరకకపోతే ఆ గదికి చేరే దారి ఉండదు. కడుపులో తిప్పే అలవాటున్నవారు ఉదయం రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని, మాత్ర వేసుకోవాలా అని డాక్టరును ముందే అడిగి, పడవ మధ్య భాగంలో కూర్చుని దూరాన నీరూ ఆకాశం కలిసే గీతను చూస్తుండాలి. ఫోన్ చూస్తే తిప్పడం ఎక్కువవుతుంది.

గడియారం విషయంలో ఒక మాట. దీవులు మనకంటే చాలా తూర్పున ఉన్నా అక్కడ నడిచేది మన సమయమే. కాబట్టి జనవరిలో నెల్లూరులో కంటే దాదాపు ముప్పావు గంట ముందే తెల్లవారి, ముప్పావు గంట ముందే చీకటి పడుతుంది. సాయంత్రం ఐదుంబావుకే సూర్యుడు దిగిపోతాడు. మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీసి నాలుగున్నరకు బీచికి వెళ్దామనుకునేవారికి దక్కేది చీకటే. పొద్దున ఐదున్నరకు లేచి బయటపడటం, మధ్యాహ్నం ఎండలో గదిలో ఉండటం, మూడింటికల్లా మళ్లీ బయలుదేరడం అక్కడి పద్ధతి.

హేవ్‌లాక్‌లో రాధానగర్ తీరం తప్పక చూడాలి. మైపాడు, కొత్తపట్నం కెరటాలు చూసి పెరిగిన మనకు అక్కడి నీటి నిదానం కొత్తగా ఉంటుంది. సముద్రం వెనక్కి తీసే పాటు సమయంలో తడి ఇసుక మీద వంగి చూడండి: చిన్న చిన్న పీతలు బొరియ చుట్టూ తిరుగుతూ, ఇసుకను నోటితో వడగట్టి అందులోని తిండి తిని, మిగిలిన ఇసుకను ఆవగింజంత ఉండలుగా చేసి వదులుతాయి. ఆ ఉండలు బొరియ నుంచి కిరణాల్లా నలువైపులా పరుచుకుని ఉంటాయి. మళ్లీ పోటు రాగానే మొత్తం చెరిగిపోతుంది. పిల్లలను అరగంట అక్కడ వదిలితే వారికి ఆ సెలవంతటిలో గుర్తుండేది అదే కావచ్చు.

నీల్ చిన్న దీవి, తీరాలకు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని రామాయణపు పేర్లు. సూర్యోదయానికి సీతాపూర్, అస్తమయానికి లక్ష్మణ్‌పూర్ బాగుంటాయి. సముద్రం తొలిచిన రాతి వంతెన దగ్గరికి నడిచి వెళ్లడం నీరు వెనక్కి తీసినప్పుడే సాధ్యం. కాబట్టి ఆ రోజు నీరు ఎన్ని గంటలకు తీస్తుందో బస చేసిన చోట అడిగి, మిగిలిన కార్యక్రమం దాని చుట్టూ అమర్చుకోండి. రాళ్ల మీద పాచి ఉంటుంది, కింద పగడాలు గీసుకుంటాయి, రబ్బరు చెప్పులు జారతాయి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి.

శ్రీ విజయపురంలో సెల్యులార్ జైలుకు కనీసం సగం పూట ఇవ్వండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన ఆ కట్టడానికి ఏడు విభాగాలుండేవి, ఇప్పుడు మిగిలినవి మూడే. ఏదైనా ఒక గది ముందు ఆగి గడియను గమనించండి. తలుపు నుంచి దూరంగా గోడలో చేసిన గూటిలోకి గడియ వెళ్తుంది. లోపలి మనిషి ఊచల్లోంచి చెయ్యి ఎంత చాపినా దాన్ని అందుకోలేడు. రాత్రి దీపాల, ధ్వని ప్రదర్శనకు టికెట్లు త్వరగా అయిపోతాయి. జైలుకూ చుట్టుపక్కల దీవులకూ వారంలో సెలవు రోజులుంటాయి కాబట్టి ముందే కనుక్కోవాలి.

బారాటాంగ్ సున్నపురాయి గుహలు చాలా ప్యాకేజీల్లో ఉంటాయి. గుహలు, అక్కడికి మడ అడవుల మధ్య పడవలో వెళ్లే దారి బాగుంటాయి. కాని రోడ్డు అక్కడి ఆదివాసులైన జారవా ప్రజల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. వాహనాలను గుంపుగా, కాపలాతో, నిర్ణీత సమయాల్లోనే పంపుతారు, దారిలో ఆపడం, ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం చట్ట ప్రకారం నేరం. గుహల కోసం వెళ్లేవారు వెళ్లవచ్చు. దారిలో ఆ మనుషులను చూడవచ్చనే ఆశతో ఎవరూ వెళ్లకూడదు, ఆ ఆశ చూపించే డ్రైవరును పెట్టుకోకూడదు. అరవై దాటినవారితో వెళ్తున్న కుటుంబాలకైతే తెల్లవారుజామున లేచి రోజంతా ప్రయాణం చేయాల్సిన ఈ కార్యక్రమాన్ని నేను తీసేయమనే చెబుతాను.

నీళ్లలోకి దిగేవారు

ఈత రాకపోయినా శిక్షకుడి చెయ్యి పట్టుకుని స్కూబా, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగుకు, దిగవచ్చు. అయితే ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్యలున్నవారు వైద్యుడిని అడగకుండా దిగకూడదు; అక్కడ ఇచ్చే ఆరోగ్య పత్రంలో నిజం రాయాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది: స్కూబా చేసిన తరువాత కనీసం 18 గంటలు, వీలైతే పూర్తిగా ఒక రోజు గడిచేదాకా విమానం ఎక్కకూడదు. నీటి అడుగున ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరిగి ఉంటుంది. అది పూర్తిగా బయటకు పోకముందే విమానంలో ఒత్తిడి తగ్గితే బుడగలు కట్టి ప్రమాదం తెస్తుంది. పైన చెప్పిన వరుసలో స్కూబా హేవ్‌లాక్‌లో, విమానానికి రోజుల ముందే అయిపోతుంది కాబట్టి ఈ ఇబ్బంది రాదు.

లైఫ్ గార్డు లేని చోట, చీకటి పడ్డాక, నీళ్లలోకి దిగవద్దు. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, వాగు సముద్రంలో కలిసే చోట కాళ్లు తడుపుకోవడం కూడా మానాలి.

తిండి, డబ్బు, సంచులు

అండమాన్‌లో తెలుగువారు గణనీయంగా ఉన్నారు, చాలామంది మూలాలు ఉత్తరాంధ్ర తీరంలో. శ్రీ విజయపురంలో ఇడ్లీ, దోసె, సాంబారు అన్నం దొరకడం కష్టం కాదు. నీల్‌లో మాత్రం హోటళ్లు తక్కువ, తొందరగా మూసేస్తారు. ధనుర్మాసంలోనో అయ్యప్ప మాలలోనో వెళ్లేవారు శాకాహారం విడిగా వండే చోటును గది బుక్ చేసేటప్పుడే అడగాలి. చేపలు, రొయ్యలు, పీతలు తూకం మీద అమ్మే చోట వండకముందే తూయించి ధర ఖాయం చేసుకోండి. మన చేపల పులుసు రుచిని అక్కడ వెతకకుండా, నిప్పుల మీద కాల్చిన తాజా చేపను అడగడం నయం. ఇంటి నుంచి ఊరగాయ తీసుకెళ్తే పెద్ద పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో ఉంటే తనిఖీలో తీయించేస్తారు.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక అక్కడ ఇంటర్నెట్ ఎంతో మెరుగైంది. అయినా చిన్న దీవుల్లో సిగ్నల్ పోవడం, ఏటీఎంలో డబ్బు లేకపోవడం మామూలే, కాబట్టి రెండు మూడు రోజులకు సరిపడే నగదు దగ్గర ఉంచుకోండి. పడవ, విమానం టికెట్లు కాగితం మీద ప్రింటు తీసుకోవడం అవసరం. రోజూ వాడే మందులు మూడు నాలుగు రోజులు అదనంగా, చేతి సంచిలోనే ఉండాలి. దోమల మందు, టోపీ, పలుచని నూలు బట్టలు సరిపోతాయి. చిన్న దీవిలో పెద్ద ఆసుపత్రి ఉండదు. గుండె, మూత్రపిండాల చికిత్సలో ఉన్న పెద్దవారితో వెళ్తే శ్రీ విజయపురంలోనే బస చేసి, దీవులకు పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేలా చూసుకోవడం మంచిది.

తిరుగు ప్రయాణం

తీరంలో ఏరిన పగడపు ముక్కను, గవ్వను సంచిలో వేసుకోవద్దు. పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, విమానాశ్రయంలో తనిఖీ చేస్తారు. గవ్వలతో చేసిన వస్తువులు ప్రభుత్వ ఎంపోరియంలో కొని రసీదు చేతికందేలా పెట్టుకోండి. పిల్లలు జేబుల్లో వేసుకున్నవి గది ఖాళీ చేసే ముందే చూసి, తీరం దగ్గరే వదిలేయించండి.

చెన్నైలో దిగాక అదే రోజు రైలు పట్టుకోవాలంటే విమానం దిగే సమయానికీ రైలు బయలుదేరే సమయానికీ మధ్య కనీసం ఐదు గంటలు ఉంచుకోవాలి. అండమాన్ విమానాలు వాతావరణం వల్ల ఆలస్యమవడం కొత్త కాదు, పెట్టెలు వచ్చి మెట్రోలో సెంట్రల్ చేరేసరికి రెండు గంటలు ఇట్టే అయిపోతాయి. అంత వ్యవధి ఉన్న రైలు దొరకకపోతే రాత్రి చెన్నైలో ఉండి మరునాడు పొద్దున బయలుదేరండి. నెల్లూరుకైనా ఒంగోలుకైనా పగటి రైళ్లు ఉన్నాయి.